మా మేడ మీది అంపైరు

రెడ్ ఫోర్క్ లీగు అని ఒకటి ఉండేదని ఇప్పుడు చెప్తే పిల్లలు నమ్మరు. రెడ్ ఫోర్క్ నది ఒడ్డునున్న ఆరు ఊళ్ళు, ఆరు బేస్‌బాల్ జట్లు. వేసవి అంతా అదే లోకం మాకు. పగలు మిల్లుల్లో చేసేవాళ్ళే సాయంత్రం ఆటగాళ్ళు. టెలివిజన్లు వచ్చాక జనం సోఫాలు దిగడం మానేశారు, లీగు మూతపడింది. దాన్ని తలుచుకుని ఏడ్చేవాళ్ళు మా టాలివర్‌లో ఇంకా ఉన్నారు. నేను ఏడవను. నాకు ఇవ్వాల్సింది అది ఇచ్చే పోయింది. హార్లన్ ప్రూయిట్‌ని మా ఇంటికి తెచ్చింది ఆ లీగే కదా!

హార్లన్ అంపైరు. ఆ లీగులో ఆటకి ఒక్కడే అంపైరు, అందుకని తిట్లన్నీ ఆ ఒక్కడికే. ఏ ఊళ్ళోనూ అంపైరుకి గది ఇచ్చేవాళ్ళు కారు. ఇస్తే, ఇచ్చినవాడికి పొద్దున్నే మంగలి కూడా గడ్డం గీయనంటాడు. మా ఆయన పోయి, మేడ మీద గది ఖాళీగా ఉండి, నాకు మొండితనం ఎక్కువగా ఉండి, నేను ఇచ్చాను.

ఇచ్చానని ఊరుకున్నానా? గ్రౌండులో ముందు వరసలో కూర్చుని అందరికన్నా గట్టిగా తిట్టేదాన్ని. "ఒరేయ్ గుడ్డి పీనుగా! ఆ కళ్ళు అమ్ముకుని తిన్నావా?" అని నేనరిస్తే ఎదుటి జట్టు మిల్‌బ్రూక్ వాళ్ళు కూడా తిరిగి చూసేవాళ్ళు. గంట తర్వాత అదే మనిషి స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని నా వంటింటి బల్ల దగ్గర కూర్చునేవాడు.

"ఇవాళ గొంతు కాస్త బొంగురుపోయినట్టుందండీ, ఓపల్ గారూ. తేనె వేసుకుని టీ తాగండి," అనేవాడు.

"నోరు మూసుకుని బీన్సు తినండి," అనేదాన్ని.

మా తమ్ముడు డెల్బర్ట్ టాలివర్ జట్టులో ఆడేవాడు. అంపైరు ఆటగాళ్ళతో మాట్లాడకూడదని లీగు నియమం. ఒక కప్పు కింద కూర్చుని తినడం అసలే కుదరదు. కానీ డెల్బర్ట్‌కి నేను చేసే ఆపిల్ పై లేకపోతే వారం గడవదు. అందుకని వాడు పెరటి మెట్ల మీద, ఈయన లోపల బల్ల దగ్గర. మధ్యలో తలుపు బార్లా తెరిచి, ఇద్దరికీ వడ్డిస్తూ నేను.

"అక్కా, నీ మేడమీదాయనకి చెప్పు. నిన్న నన్ను అవుటన్న మూడో బంతి నా ముందున్న పలక దరిదాపుల్లో కూడా లేదని."

"ఓపల్ గారూ, మెట్ల మీద ఉన్నాయనకి చెప్పండి. నేను ఎవరితోనూ మాట్లాడటం లేదని."

నేను ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు. ఇద్దరికీ చెవులున్నాయి. నవ్వాపుకోలేక చచ్చేదాన్ని.

ఒకసారి నేనే అడిగాను, బేసులన్నీ చుట్టి వచ్చినవాడు పరుగు కోసం ఆఖర్న తొక్కాల్సిన ఆ తెల్ల పలక తొక్కకుండా పైనుంచి జారిపోతే, పలక వెనకుండే క్యాచర్ కూడా వాడికి బంతి తగిలించలేకపోతే ఏమంటారని. హార్లన్ చెంచా కింద పెట్టాడు. "ఏమీ అననండి. చేతులు దించుకుని నిలబడతాను. అవుటూ కాదు, పరుగూ కాదు. ఎవరు ముందు తెలుసుకుంటే వాళ్ళది: వాడు వెనక్కొచ్చి తొక్కితే పరుగు, క్యాచర్ ముందుగా బంతి ఆనిస్తే అవుటు. నేను నోరు విప్పితే ఒక జట్టుకి సాయం చేసినట్టు." మెట్ల మీద డెల్బర్ట్ పళ్ళెం గీకుతున్నాడు. వాడి ధ్యాసంతా ఆ తీపి మీదే ఉందనుకున్నాను.

లీగు ఆఖరి ఏడు ఎండాకాలం చివర్లో హార్లన్ బల్ల దగ్గర కూర్చుని అన్నాడు, "సీజను అయిపోయాక నాకు వెళ్ళడానికి చోటు లేదండీ. భార్య పోయింది, పిల్లల్లేరు. స్కూల్లో చలికి గదులు వెచ్చబెట్టే బాయిలర్ చూసుకునే పని ఇస్తామన్నారు. మీరు గది ఉంచితే, ఈ ఊరివాళ్ళు ఉండనిస్తే, ఇక్కడే ఉండిపోతాను."

"గది నాది. ఉంచుతాను," అన్నాను. ఊరి సంగతి నా చేతుల్లో లేదు. అది ఇద్దరికీ తెలుసు.

అప్పటికే లీగులో రెండు జట్లు మధ్యలోనే చేతులెత్తేశాయి. వచ్చే ఏడు ఆట ఉండదని అందరికీ తెలిసిపోయింది. ఆఖరి రోజు మధ్యాహ్నం మాకూ మిల్‌బ్రూక్‌కీ ఆట. గెలిచినవాళ్ళదే లీగు విజేత జెండా, మళ్ళీ ఎవరూ లాక్కోలేని జెండా. ఊరు ఊరంతా వచ్చింది. ఇన్నాళ్ళూ ఎక్కడ చచ్చారర్రా అని నాకు ఒళ్ళు మండింది.

తొమ్మిదోది, అంటే ఆఖరి ఇన్నింగ్సు చివర. పరుగులు సమానం, మాకు ఇంకొక్కటి చాలు. మా డెల్బర్ట్ రెండో బేసు మీద ఉన్నాడు. మావాడెవడో బంతిని దూరంగా కొట్టాడు. డెల్బర్ట్ మూడో బేసు మలుపు తిరిగి, తల వంచుకుని పరిగెత్తి, కాళ్ళు ముందుకు చాపి పలక మీదికి జారాడు. దుమ్ము లేచింది. మిల్‌బ్రూక్ క్యాచర్ బంతి పట్టుకున్న చెయ్యి విసిరాడు, తగల్లేదు. అంతే, గెలిచామని ఊరంతా కంచె దూకి లోపలికి పడింది.

నేను మాత్రం హార్లన్‌ని చూశాను. చేతులు దించుకుని నిలబడ్డాడు.

"డెల్బర్ట్! పలక తొక్కరా! వెనక్కెళ్ళి తొక్కరా వెధవా!" అని గొంతు చించుకున్నాను. వాడు నా వైపు చూసి టోపీ ఊపాడు. అప్పటికే నలుగురు వాణ్ని భుజాలకెత్తుకున్నారు. ఆ క్యాచర్ కుర్రాడు కూడా అంపైరు చేతులు చూసినట్టున్నాడు. బంతి పట్టుకుని జనంలోంచి దూరి వచ్చి, భుజాల మీదున్న మావాడి మోకాలికి ఆనించాడు. హార్లన్ పిడికిలి పైకి లేచింది. అవుట్.

పరుగులు సమానమే కాబట్టి ఆడిన పదో ఇన్నింగ్సులో మిల్‌బ్రూక్ ఒక పరుగు చేసింది. మేము చెయ్యలేకపోయాం. జెండా వాళ్ళు పట్టుకుపోయారు.

వెలుగు ఉండగానే జనం మా గుమ్మం ముందుకొచ్చారు. ముందు ధాన్యం కొట్టు రాస్కో. "ఓపల్, వాడి పెట్టె బయట పడెయ్. మిల్‌బ్రూక్‌కి అమ్ముడుపోయిన వెధవకి మా ఊళ్ళో చోటు లేదు."

"డెల్బర్ట్ పలక తొక్కలేదు. అంపైరు చేతులు నేను చూశాను," అన్నాను.

"అద్దె ఇచ్చేవాడి మాటే మాట్లాడతావు మరి!"

వాడి చెంప పగలగొట్టేదాన్నే, కానీ మేడ మీద పెట్టె మూసిన చప్పుడు వినిపించింది. హార్లన్ వెళ్ళిపోవడానికి సర్దుకుంటున్నాడు. ఊరు వద్దంటే ఉండనన్నవాడు కదా. నా మాట ఎందుకూ పనికిరాదని అప్పుడు తెలిసింది. పనికొచ్చే మాట ఒక్కడి దగ్గరే ఉంది. వాడు ఎక్కడున్నాడో తెలియదు.

అంతలో జనం పక్కకి తప్పుకున్నారు. దుమ్ము బట్టల్తోనే డెల్బర్ట్ వస్తున్నాడు. "వెళ్ళు, వాడి పని పట్టు!" అన్నారెవరో. వాడు నా పక్కన నిలబడి ఊరి వైపు తిరిగాడు.

"నేను తొక్కలేదు," అన్నాడు.

రాస్కో ఒక అడుగు వెనక్కి వేశాడు.

"జారుతున్నప్పుడే తెలుసు నాకు. అక్క అరుపు కూడా వినపడింది. ఆయన ఏం చేస్తాడో కూడా తెలుసు, మెట్ల మీద కూర్చుని విన్నాను. వెనక్కెళ్తే క్యాచర్‌కి తెలిసిపోతుందని, నాకేమీ తెలియనట్టు నటించాను. ఇంతలో మీరు ఎత్తుకున్నారు. ఇక దిగబుద్ధి కాలేదు. నన్నెవరూ ఎప్పుడూ అలా ఎత్తుకోలేదు." వాడు టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. "ఆయన చూసిందే చెప్పాడు. తిట్టాలంటే నన్ను తిట్టండి."

తిట్టారు. రాస్కో అయితే నేల మీద ఉమ్మేసి పోయాడు. అందరూ వెళ్ళాక మేడ మెట్ల మీద హార్లన్, చేతిలో పెట్టె. "ఇన్నేళ్ళ లీగులో అంపైరుది తప్పు కాదన్న ఆటగాడు ఇతనొక్కడేనండీ," అన్నాడు. పెట్టె కింద పెట్టి కళ్ళు తుడుచుకున్నాడు.

ఆయన ఉండిపోయాడు. స్కూల్లో బాయిలర్ చూశాడు, శనివారాలు పిల్లల ఆటలకి అంపైరింగు చేశాడు, చలికాలంలో మా వరండా మంచు ఎత్తాడు. ఊరు నెమ్మదిగా ఆయన్ని పేరు పెట్టి పిలవడం నేర్చుకుంది. డెల్బర్ట్‌ని మాత్రం క్షమించలేదు. అంగుళంలో పలక తప్పాడని వాణ్ని ఊరంతా 'అంగుళం డెల్బర్ట్' అంది. గింజలు కొనడానికెళ్ళినా అదే, చర్చిలోనూ అదే. వాడి పెళ్ళిలో కూడా ఎవడో అదే పేరు అరిచాడు. వాడొక్కసారి కూడా తిరిగి మాట అనలేదు. నేను దేవుడికి దణ్ణం పెట్టుకునేటప్పుడు ఆ ఇద్దరి పేర్లూ కలిపే చెప్తాను.

హార్లన్ ఆఖరి రోజుల్లో ఆసుపత్రి మంచం పక్కన నేనూ డెల్బర్టూ కూర్చున్నాం. ఆయన కళ్ళు తెరిచి, డెల్బర్ట్‌ని చూసి, బొటనవేలూ చూపుడువేలూ కాస్త ఎడంగా పెట్టి పైకెత్తాడు.

"ఇంతే బాబూ. ఇంతలో పలక తప్పిపోయింది."

మావాడు ఆ రెండు వేళ్ళనీ మెల్లగా పట్టుకుని ఇంకొంచెం ఎడం చేశాడు.

"ఇంతండీ," అన్నాడు.