ఆయన ఎందుకు ఉరికిండు

దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో దిగి నడిచేటప్పుడు నేను దుకాణాల వంక చూడను. తలెత్తి డాబాల అంచులు, పిట్టగోడలు, ఇంటికీ ఇంటికీ మధ్య సందులు చూసుకుంటూ నడుస్తాను. ఎదురొచ్చేవాళ్లు గుద్దుకుని తిట్టుకుంటూ పోతారు. తిట్టుకోనీ. ఆ ఒక్క చావును రాసుకున్నప్పటి నుంచి ఈ అలవాటు నన్ను వదల్లేదు.

పోలీసుల చేతుల్లోనో, వాళ్లు వచ్చిన సమయంలోనో పోయినవాళ్ల వివరాలు పోగుచేసే చిన్న బృందం మాది. ఎల్బీనగర్‌లో ఒక ప్లీడరుగారి ఆఫీసు వెనక గదిలో కూర్చుంటాం. మా అందరికీ ఆయనే పెద్ద. నేను కోచింగ్ సెంటర్‌లో స్టాటిస్టిక్స్ చెబుతాను కాబట్టి ఎక్సెల్ షీటు నా నెత్తిన పడింది. పేపర్లో వచ్చిన ప్రతి చావునూ చదివి, అది లాకప్‌లో జరిగిందా, తరుముతుంటే జరిగిందా, సోదాకి వచ్చినప్పుడు జరిగిందా అని తేల్చి, ఆ గడిలో వేయాలి. ఈ తేల్చడమే చచ్చే చాకిరీ. పోయిన మనిషి ఒక్కడే, కథ మాత్రం తలా ఒకటి చెబుతారు.

ఆ వార్త నాలుగు లైన్లు. పేకాట స్థావరంపై పోలీసుల దాడి, పారిపోతూ డాబా మీంచి పడి పేకాటరాయుడి మృతి. ఈ రాయుళ్లనే మాట చూస్తేనే నాకు ఒళ్లు మండుతుంది. మనిషి పోయాడు, ఇంకా వెటకారమేమిటి? అయినా పేపర్లో ఉన్నదే మాకు మొదటి ఆధారం. మృతుడు ఎవరన్న గడిలో పేకాట నిందితుడు అని వేశాను.

కొన్నాళ్లకి ఆ చనిపోయిన మనిషి భార్య మీర్‌పేట్ నుంచి మా ఆఫీసు వెతుక్కుంటూ వచ్చింది. మేము వేసిన నివేదికలో తన భర్త ఉన్నాడని ఎవరో చెప్పారట. కుర్చీ చూపించినా కూర్చోలేదు. ఆయన ఇంటర్నెట్ కేబుళ్లు వేసేవాడనీ, ఎవరింట్లోనో నెట్ రావట్లేదంటే ఆ సాయంత్రం వెళ్లాడనీ, పేకముక్క ముట్టి ఎరగడనీ చెప్పింది. చుట్టాలూ వీధిలోవాళ్లూ అందరూ ఒకటే అడుగుతున్నారట, తప్పు చేయనివాడు ఎందుకు పరుగెత్తాడని. అంతవరకూ గట్టిగానే చెప్పింది. ఆ తర్వాత కుర్చీ అంచు పట్టుకుంది.

"ఇప్పుడు నా బిడ్డ గూడ అడుగుతుంది మేడమ్. డాడీ ఏం చెయ్యకపోతే ఎందుకు ఉరికిండని. నేనేం చెప్పాలె? గివన్నీ రాస్తున్నరు గద, మీరే చెప్పుండ్రి."

బిడ్డ పదో తరగతి. బళ్లో ఎవరో ఆ పేపరు చూపించారట. అప్పటి నుంచి తండ్రి ఫొటో ఉన్న గదిలోకి పోవడం మానేసిందట.

మర్నాడు దిల్‌సుఖ్‌నగర్‌లో ఆయన పడిపోయిన బిల్డింగుకి వెళ్లాను. ఓనరు వాళ్లకి ఒకప్పుడు ఆ చుట్టుపక్కల పొలాలుండేవి, ఇప్పుడు హాస్టళ్లున్నాయి. మొదట మొహం చిట్లించాడు గానీ, నేను కదలకపోయేసరికి డాబా మీదకి తీసుకెళ్లాడు. పేకాట జరిగిన గది పైనే ఉంది. పక్కన పిట్టగోడ మీంచి నల్ల ఇంటర్నెట్ వైరు ఒకటి వేలాడుతోంది. కొస ఒలిచి ఉంది, కలపలేదు. గాలి వచ్చినప్పుడల్లా గోడకి తగిలి టిక్కుటిక్కుమంటోంది. అవతలి డాబా ఒక్క అంగలో దాటేయొచ్చు అనిపించేంత దగ్గర. ఆ సాయంత్రం జరిగింది ఓనరు చెప్పాడు. మెట్ల మీద పోలీసుల బూట్లు వినపడగానే గదిలోవాళ్లు ఉరికారు, వాళ్ల వెనకే ఆయన. వాళ్లు దాటి అవతల దొరికిపోయారు. ఆయన దాటలేకపోయాడు. పోలీసులు మేము ముట్టుకోనే లేదన్నారు. అది నిజమే కావచ్చు.

"నెట్ వస్తలేదని నేనే పిలిచిన," అన్నాడు ఓనరు నా వైపు చూడకుండా. "గాయన ఆట ఆడెటోడు గాదు. రాసుకోండ్రి, నా పేరు మాత్రం వద్దు."

ఆ వైరు చప్పుడు నా వెంటపడింది. క్లాసులో బోర్డు మీద రాస్తుంటే వినిపించేది. వంటింట్లో వినిపించేది.

గడి మార్చడానికి ప్లీడరుగారు వెంటనే ఒప్పుకున్నారు. కేబుల్ పనివాడు, పేకాటతో సంబంధం లేదు. మరి ఎందుకు పరుగెత్తాడో కూడా రాద్దాం, భయంతో అని రాద్దాం అన్నాను. పోయినవాడి మనసులో ఏముందో మనకెలా తెలుస్తుంది, ఆధారం లేనిది ఒక్కటి రాసినా మిగతావి ఎవరూ నమ్మరు అన్నారాయన. ఆయన చెప్పింది నిజం. నిజమని తెలిసే ఇంతెత్తున లేచాను. గడి మార్చామని మీర్‌పేట్‌కి ఫోన్ చేసి ఆవిడతో చెప్పాను. అది సరే గానీ మరి ఎందుకు ఉరికిండని మళ్లీ అడిగింది.

నెల తిరక్కుండానే వనస్థలిపురంలో మా వీధికి పోలీసులొచ్చారు. ఇంటింటికీ వెళ్లి బండి కాగితాలూ కిరాయికున్నవాళ్ల ఆధార్ కార్డులూ చూస్తున్నారు. దీపాలు పెట్టే వేళ. మా మీద ఏ కేసూ లేదు, కాగితాలన్నీ బీరువాలో భద్రంగా ఉన్నాయి. మెట్ల మీద బూట్లు వినపడ్డాయి. మావారు తాపీగా తలుపు తీయడానికి లేచారు. ఆ తర్వాత నాకు తెలిసేసరికి డాబా మీద, నీళ్ల ట్యాంకు వెనక, పిట్టగోడ రెండు చేతులా పట్టుకుని ఉన్నాను. వెనక మెట్లు ఎప్పుడెక్కానో గుర్తులేదు. కాళ్లకి చెప్పుల్లేవు. కింద మావారు వాళ్లతో నవ్వుతూ మాట్లాడటం వినిపిస్తోంది. ఎక్కడికి పోయావని తర్వాత అడిగితే బట్టలు తీయడానికన్నాను. ఆ రోజు బట్టలు ఆరేయలేదు.

ఆదివారం మీర్‌పేట్‌లో వాళ్లింటికి వెళ్లాను. ఆయన పనిసంచి తలుపు పక్కన మేకుకి అలాగే ఉంది. పిల్ల లోపలెక్కడో ఉంది, బయటికి రాలేదు. తల్లితో చెబుతున్నట్టే, లోపలికి వినపడేలా, నాకు జరిగిందంతా చెప్పాను. సగంలో పిల్ల వచ్చి గుమ్మం పట్టుకుని నిలబడింది.

"మీరేం చేసిండ్రని ఉరికిండ్రు మేడమ్?"

"ఏం చేయలేదమ్మా. బూట్ల చప్పుడు విన్నాను, అంతే."

నన్ను ఎగాదిగా చూసింది. "పక్క డాబా దగ్గర్నే ఉంటే దుంకుతుంటిరా?"

లేదనొచ్చు. కానీ ఆ గోడ గరుకు ఇంకా నా అరచేతుల్లోనే ఉంది.

"దూకేదాన్ని," అన్నాను.

ఆ పిల్ల మేకు మీంచి సంచి తీసి, నేల మీద కూర్చుని ఒళ్లో పెట్టుకుంది. కాసేపటికి తలెత్తి తల్లిని చూసింది.

"డాడీకి భయమైందమ్మా," అంది. "గంతే."