ఇటుక దాహం తీర్చాకే పూత

రాష్ట్రం విడిపోయిన మరుసటి ఏడు శృంగవరపుకోట దగ్గర ఒకావిడకి కుండలు కాల్చే బట్టీ కట్టాను. వేడిని పట్టి ఉంచే మెత్తటి ఇటుకలు ఆవిడ ఎక్కడి నుంచో తెప్పించుకుంది. మంట జోరు మీదున్నప్పుడు చాకలి సోడా కలిపిన నీళ్లు చల్లితే ఆ ఆవిరి కుండలకు మెరుపునిస్తుంది, ఇటుకలను మాత్రం తినేస్తుంది. అందుకే గోడల లోపల అల్యూమినా పొడి, తెల్లమట్టి కలిపి పూయాలి. ఇటుకలు పాడైతే ఆవిడ పనే ఆగిపోతుంది.

"సున్నం కొట్టడమే కదా, ఎవడైనా కొడతాడు" అన్నాడు ఆవిడ తీసుకొచ్చిన ఇంజనీరు. నాకు ఒళ్లు మండింది. బడికి పోలేదు గాని, డిక్షనరీ పక్కన పెట్టుకుని బట్టీల మీద ఇంగ్లీషు పుస్తకాలు చదివినవాణ్ణి నేను. ఆ కోపంలో మందంగా పూసేశాను. ఆరేసరికి పెచ్చులూడింది.

అన్నం తెచ్చిన మా ఆవిడ చూసి నవ్వింది. "ఏటి బావా, దిబ్బరొట్టి యేసినావా? పొయ్యి అలికేముందు తడపమా? ఇటికికి దాహం తీరకపోతే పూతలో నీల్లన్నీ అదే తాగేస్తాది."

అంతా గీకేసి, ఇటుకలు తడిపి, ఇద్దరం పల్చగా పూశాం. ఆరాక మళ్లీ పల్చగా పూశాం. తొలి సోడా కాల్పు తర్వాత తలుపు తీస్తే ఒక్క పెచ్చు కూడా లేవలేదు.

ఇంజనీరు గోడ నిమిరి, "ఇది ఏ పుస్తకంలో ఉంది తాతా?" అన్నాడు. నేను మా ఆవిణ్ణి చూపించాను.

"కూకో బాబూ, సెప్తాను" అంది మా ఆవిడ. ఆయన కాగితం, కలం తీసి ఆవిడ ముందు కింద కూర్చున్నాడు. అది నేను నిలబడి, కళ్లారా చూశాను.