వేడెక్కితేనే వచ్చే వాసన

మల్కాపురంలో సూర్యకళను అందరూ ఆసుపత్రి కారమ్మ అంటారు. వారానికి మూడు రోజులు పొద్దున్నే ఆమె పాత కారు సందులోంచి బయటికి వస్తుంది. వెనక సీట్లో కాసులమ్మ, ముందు సీట్లో దేవీప్రసాద్ గారు. ఇద్దరికీ కిడ్నీలు పనిచేయవు. వాళ్లను పోర్టు రోడ్డు మీదుగా నగరంలోని ఆసుపత్రికి తీసుకెళ్లి, డయాలసిస్ అయ్యేదాకా అక్కడే కూర్చుని, మళ్లీ ఇళ్లకు చేర్చడం ఆమె పని.

ఈ పని ఆమె వెతుక్కుని తెచ్చుకున్నది కాదు. కాసులమ్మ పక్కింటి ముసలామె. డయాలసిస్ అయ్యాక నడవలేక ఆటోలో వాంతి చేసుకునేది. రెండుసార్లు అలా అయ్యాక ఆ సందులో ఆటోవాళ్లు ఆమెను ఎక్కించుకోవడం మానేశారు. సూర్యకళ భర్త నాగబాబు పోర్టులో సరుకు దింపే పనిలో ఉన్నాడు. ఆ అవస్థ చూసి, ఎవరో అమ్మేస్తున్న కారు కొని, భార్యకు డ్రైవింగ్ నేర్పించాడు. కొన్నాళ్లకు దేవీప్రసాద్ గారు కూడా ఎక్కారు. ఆయనది కాకినాడ వైపు, పోర్టులో గుమాస్తాగా చేసి రిటైరయ్యారు.

కారు నడపడం సూర్యకళకు ఇష్టమే. పెట్రోలు అంటేనే భయం. ఆమె యారాడలో చేపల వేటకెళ్లే ఇంట్లో పుట్టింది. చిన్నప్పుడు ఒకరోజు మిట్టమధ్యాహ్నం ఆమె చిన్నాన్న సూరన్న పడవ ఇంజనులో పెట్రోలు పోస్తుంటే కొంచెం చొక్కా మీద ఒలికింది. దగ్గరలో ఎవరో చుట్ట కాలుస్తున్నారు. ఆ ఎండలో మంట ఎవరికీ కనబడలేదు. చొక్కా దానంతటదే నల్లబడిపోవడం, చిన్నాన్న ఇసకలో దొర్లడం మాత్రం ఆమె చూసింది. ఆయన బతికాడు గాని, వేళ్లు ముడుచుకుపోయి మళ్లీ వల పట్టలేదు. అప్పట్నుంచి ఆ వాసన తగిలితే చాలు సూర్యకళ అక్కణ్నుంచి దూరం జరిగేది. బంకులో కూడా పైట ముక్కుకు అడ్డం పెట్టుకునే నిలబడేది.

వానలు తగ్గిన కొత్తలో కారు ఎక్కువ తాగడం మొదలుపెట్టింది. వారం పాటు వచ్చే పెట్రోలు నాలుగు రోజులకే అయిపోతోంది. ఎవరో రాత్రిళ్లు తీసేస్తున్నారని నాగబాబు ట్యాంకు మూతకు తాళం వేయించాడు. తేడా రాలేదు. టైర్లలో గాలి పట్టించాడు. అప్పుడూ అంతే.

ఆ తర్వాత వాసన వచ్చింది. అదీ ఎప్పుడూ ఉండేది కాదు. ఇంటి దగ్గర బయల్దేరినప్పుడు ఏమీ ఉండదు. సింధియా జంక్షన్ దాటి, బొగ్గు లారీల వెనక ఆగుతూ సాగుతూ పోతుంటే, ఏసీ గాలితో పాటు సన్నగా లోపలికి వచ్చేది.

"పెట్రోలు వాసన నాకొక్కడికేనా అమ్మాయ్, నీక్కూడా వస్తోందా?" అని ఒకరోజు దేవీప్రసాద్ గారు అడిగారు.

"నాకూ ఒస్తందండి," అంది సూర్యకళ.

"నాకు అన్నీ కంపే. ఏ వాసనని సెప్పమంటావు," అంది వెనక నుంచి కాసులమ్మ.

మర్నాడు సాయంత్రం సూర్యకళ కారును గాజువాక ఆటోనగర్‌లో ఉమామహేష్ షెడ్డుకు తీసుకెళ్లింది. మొదట్నుంచీ ఆ కారు చూసేది అతనే. అప్పటికే ముందు రెండు కార్లు ఉండడంతో ఆమె బండి వంతు వచ్చేసరికి ఇంజను చల్లారిపోయింది. అతను బానెట్ ఎత్తి, ప్లగ్గులు తీసి తుడిచాడు. మట్టితో మూసుకుపోయిన ఎయిర్ ఫిల్టర్ మార్చాడు. కారు కింద దూరి ట్యాంకు చుట్టూ చెయ్యి పెట్టి చూశాడు.

"ఎక్కడా కారట్లేదక్కా. పాత బండి కదా, కొంచెం తాగుద్ది. ఫిల్టర్ మార్సేను, ఇంక తగ్గుద్దిలే."

"మరి ఆ వాసనేటి?"

"లారీలెనకాల ఎల్తన్నావు. ఆటిదే అయ్యుంటాది."

డీజిలు పొగకూ పెట్రోలుకూ తేడా తనకు తెలీదా అని అడగబోయింది. కాని కారట్లేదన్న మాట నమ్మాలనిపించింది. నమ్మి ఇంటికి వచ్చింది. ఆ రాత్రి నాగబాబుతో, "బావా, రేపు నాను ఎల్లను," అంది. మళ్లీ తనే, "ఎల్లకపోతే ఆళ్లిద్దరికీ ఎలగ?" అంది. డయాలసిస్ ఒక్కరోజు తప్పితే కాసులమ్మకు ఊపిరాడదని ఇద్దరికీ తెలుసు.

మర్నాడు వెళ్లేటప్పుడు అద్దాలన్నీ దించుకుని వెళ్లింది. వచ్చేటప్పుడు ఎండ మండిపోతోంది. డయాలసిస్ అయి నీరసపడిపోయిన దేవీప్రసాద్ గారు ఏసీ వేయమన్నారు. కాన్వెంట్ జంక్షన్ దాటాక ముందు ఏదో లారీ ఆగిపోయి, వరసంతా నిలిచిపోయింది. ముందూ వెనకా ట్రైలర్లు, పక్కన గోడ. కారు ఆగిన కాసేపటికే వాసన గుప్పుమంది. ఈసారి సన్నగా కాదు, కళ్లు మండేలా వచ్చింది. బానెట్ అంచు దగ్గర గాలి వణుకుతున్నట్టు కనిపించింది. అది ఎండకో మరిదేనికో ఆమెకు తెలియలేదు. ఎండలో మంట కనబడదని మాత్రం తెలుసు.

ఇంజను ఆపేసింది.

"దేవీప్రసాద్ గారూ, దిగండి. మెల్లిగా దిగి ఆ గోడెంట ఎనక్కి నడవండి. ఆగొద్దు."

ఆయన ఆమె మొహం చూసి దిగారు. కాసులమ్మ సగం నిద్రలో ఉంది. సూర్యకళ వెనక తలుపు తీసి, ముసలామె చంకల కింద చేతులు వేసి బయటికి లాగింది.

"ఏటే, ఇల్లొచ్చేసిందేటి?"

"రాలేదత్తా. నన్ను పట్టుకో. గట్టిగా పట్టుకో."

నాలుగడుగులు వేసేసరికి వెనక ట్రైలర్ డ్రైవరు కిందికి దిగి, టైరు దగ్గర నిలబడి బీడీ నోట్లో పెట్టుకోవడం కనిపించింది. అగ్గిపెట్టె చేతిలో ఉంది. కాసులమ్మను గోడకు ఆనించి, అతని దగ్గరికి వెళ్లి, అగ్గిపెట్టె ఉన్న చేతిని రెండు చేతులతోనూ పట్టేసుకుంది. అతను తెలుగువాడు కాదు. ఏమనుకున్నాడో గాని, ఆమె తలతో చూపించాక కారు వైపు తిరిగాడు. గాలి పీల్చాడు. బీడీ తీసి జేబులో వేసుకున్నాడు. తర్వాత అతనే కాసులమ్మను ఎత్తుకుని చాలా దూరం మోసుకెళ్లి ఒక కొట్టు అరుగు మీద కూర్చోబెట్టాడు.

మంటలు రాలేదు. ఇంజను చల్లారేదాకా ఎవరూ ఆ కారు దగ్గరికి పోలేదు. సూర్యకళ ఫోన్ చేస్తే నాగబాబు వచ్చి రోగులిద్దరినీ ఆటోలో ఇంటికి పంపాడు. కారును తాడు కట్టి షెడ్డుకు లాక్కెళ్లారు.

ఉమామహేష్ బానెట్ ఎత్తి, "ఏటీ లేదక్కా, అంతా పొడిగా ఉంది," అన్నాడు.

"సల్లగా ఉన్నప్పుడు ఉండదు. ఇంటికాడ రాదు, దూరం ఎల్లాకే ఒస్తంది. స్టార్ట్ సేసి వేడెక్కనీ. అప్పుడు సూడు."

అతను ఇసక బకెట్టు తెచ్చి పక్కన పెట్టుకుని, దూరంగా వెల్డింగ్ చేస్తున్నవాళ్లను ఆపమని చెప్పి, ఇంజను స్టార్ట్ చేశాడు. సూర్యకళ రోడ్డు మీదికి పోయి నిలబడింది. చాలాసేపు ఏమీ కాలేదు. రేడియేటర్ ఫ్యాను తిరగడం మొదలయ్యాక, ఇంజనుకు పెట్రోలు తెచ్చే రబ్బరు ట్యూబు మీద, దాన్ని బిగించిన క్లిప్పు పక్కన ఒక చుక్క ఊరింది. ఇంకొకటి ఊరింది. ఆ తర్వాత దారంలా చిమ్మింది. దాని కిందే, జానెడు దూరంలో, పొగగొట్టం చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంది.

ఉమామహేష్ గభాల్న ఇంజను ఆపాడు. అంతా చల్లారాక ట్యూబు ఊడదీసి వంచి చూశాడు. ఉబ్బి, లోపల పగుళ్లిచ్చి ఉంది. వేడికి మెత్తబడి, ఆ పగులు తెరుచుకుంటోంది. తాగుతోందనుకున్న పెట్రోలు ఇలాగే పోతోంది. అతను ట్యూబును తుడిచి, దాని మీది అక్షరాలు చదివాడు.

"ఇది పెట్రోలుకి ఏసే ట్యూబు కాదక్కా. నీళ్లకేసేది," అన్నాడు. "నిరుడు నానే ఏసేను. ఆ రోజు అసలుది దొరకలేదు. తరవాత మార్దామనుకుని మర్సిపోయేను."

నాగబాబు మీదికి వెళ్లబోయాడు. సూర్యకళ అతని చెయ్యి పట్టుకుని ఆపింది. ఆమెకు కోపం రాలేదు. అక్కడే పడి ఉన్న పాత టైరు మీద కూర్చుంది. కాసులమ్మ తల తన భుజం మీద వాలి ఉండడం ఒక్కటే గుర్తొస్తోంది.

సరైన ట్యూబు వేశారు. పెట్రోలు మళ్లీ వారమంతా రావడం మొదలైంది. సూర్యకళ ఇద్దరి ఇళ్లకూ వెళ్లి జరిగింది దాచకుండా చెప్పింది. దేవీప్రసాద్ గారి కోడలు ఇంద్రజ చేతులు జోడించి, "ఇంక మేమే తీసుకెళ్తామండి," అంది. కాసులమ్మ మాత్రం, "ఎల్లకపోయినా సస్తాను కదే. రేపు తొందరగా రా," అంది.

నెల తిరక్కుండానే దేవీప్రసాద్ గారు తనంతట తనే వీధి చివరకు వచ్చి నిలబడ్డారు. కొడుక్కి ప్రతిసారీ సెలవు దొరకడం లేదట. ఆయన ముందు సీట్లో కూర్చుని, తలుపు వేసుకోకుండా, కాసేపు గాలి పీల్చి చూశారు.

"ఇవాళ వాసనేం లేదు కదమ్మా?"

"ఇప్పటికైతే లేదండి," అంది సూర్యకళ. "సింధియా దాటేక మళ్లీ సూద్దాం."

ఆయన కాస్త తటపటాయించి, తలుపు వేసుకున్నారు.