గోటితో గీరి చెప్పిన లెక్క

నేను అక్షరాలు నేర్చుకున్నది ఉద్యోగం మానేశాక, మా చర్చిలో పెట్టిన సాయంత్రపు బడిలో. అందుకే ఇన్నేళ్ళూ ఇది రాయలేకపోయాను. అప్పుడే చదవడం వచ్చి ఉంటే, రాయాల్సిన అవసరమే ఉండేది కాదేమో.

మైనింగ్ జోరుగా సాగుతున్న ఏళ్ళలో, ఒక వానాకాలం మొదట్లో, కన్నడ సీమలోని యశ్వంతనగర్ దగ్గర ఒక ప్రైవేటు కంపెనీ మొక్కల పనిలో నన్ను మేస్త్రీగా వేశారు. నా కింద పన్నెండు మంది ఆడవాళ్ళు. మేస్త్రీకి చదువు ఉండాలన్నది నియమం. నా పేరును ముగ్గు వేసినట్టు గీయడం నేర్చుకుని, చదువు వచ్చని చెప్పి చేరాను.

ఆ కంపెనీ గుట్టల మీద చెట్లు పెంచేది. అవి గాలిలోంచి పీల్చుకునే కార్బన్‌ను లెక్కగట్టి, పత్రాలుగా దూరదేశాల ఫ్యాక్టరీలకు అమ్మేది. కొన్నవాళ్ళు తాము వదిలిన పొగకు అది చెల్లు అని చెప్పుకునేవారు. దీనికి సర్కారు చట్టం ఏదీ లేదు. ఆ వ్యాపారంలో ఉన్నవాళ్ళే నియమాలు రాసుకున్నారు. తనిఖీదారును పిలిపించి ఫీజు ఇచ్చేది కూడా కంపెనీయే.

ఒక వాలులో సగం కన్నా తక్కువ మొక్కలు బతికితే, దాన్ని పత్రాల్లోంచి తీసేసి మేతకు తిరిగి వదలాలని ఆ నియమాల్లో ఉంది. తూర్పు వాలు అంతకుముందు ఆ ఊరి మేకల కాపరి ఎల్లప్ప మేకలు మేసే చోటు. అందుకే బతికిన మొక్కల్ని లెక్కపెట్టే రోజున అతను నా వెంటే నడిచాడు.

ఖనిజం లారీల ఎర్రదుమ్ము కింద బతికిన మొక్క, చచ్చిన మొక్క ఒకేలా కనిపించేవి. బెరడును గోటితో గీరి, లోపల పచ్చగా ఉంటేనే బతికినట్టు లెక్కపెట్టేదాన్ని.

"ఏందక్కా, పెండ్లికూతురి బుగ్గ ముట్టినట్టు గీరతాండావు? గట్టిగా గీరు. నా మేకలు యాడికి పోవాల?"

"నోరు మూసుకోప్పా, లెక్క తప్పుతాది."

పది మొక్కల్లో మూడే బతికాయి. ఫీల్డ్ ఆఫీసర్‌కు అదే చెప్పాను. ఆయన ఇంగ్లీషులో రాసుకున్న కాగితం మీద సంతకం పెట్టాను.

వారం తరువాత బెంగళూరు నుంచి తనిఖీదారు వచ్చింది. బోరు పక్కనున్న పచ్చటి వరుసలు మాత్రం నడిపించి చూపారు. తూర్పు వాలుకు కాగితమే సరిపోతుందన్నారు. ఆమె కాగితం చూసి, పదింటిలో ఎనిమిది బతికాయన్న ఈ లెక్క మీదేనా, చదివే సంతకం పెట్టారా అని కన్నడంలో అడిగింది. మా మేస్త్రీ చదువుకున్న మనిషి అని ఆఫీసర్ అందుకున్నాడు. ఆడవాళ్ళంతా నా వైపు చూస్తున్నారు.

"హౌదు మేడమ్," అని ఒప్పుకున్నాను.

"అక్కా, నా ముందర్నే గీరితివి గదా!" అన్నాడు ఎల్లప్ప.

ఆమెకు తెలుగు రాదు. మేకలవాడు, రోజూ ఇదే గొడవ అని ఆఫీసర్ కన్నడంలో సర్దేశాడు. ఆమె కాగితం మీద ముద్ర వేసింది.

నియమం రాసేదీ, తనిఖీకి ఫీజు కట్టేదీ ఒకరే అయినప్పుడు, అబద్ధాన్ని ఆపే పని అందరికన్నా కిందనున్న మనిషికి మిగులుతుంది. ఆ రోజు ఆ మనిషిని నేనే. చదువు రాకపోవడం నా తప్పు కాదు. వచ్చన్న మాట నిలబెట్టుకోవడానికి ఎల్లప్ప మేత పోగొట్టాను. అది నా తప్పు.

మర్నాడు ఉదయం పన్నెండు మందినీ వెంటబెట్టుకుని వెళ్ళి, తూర్పు వాలు చుట్టూ ముళ్ళకంచెకు గుంతలు తవ్వించాను.