నీలిరాయిలో రుద్దినా పోని గీతలు

నా చిన్నప్పుడు మేము కొత్తగూడెం బొగ్గుగనుల దగ్గర క్వార్టర్లలో ఉండేవాళ్లం. తెల్లబట్ట ఆరేస్తే సాయంత్రానికి బూడిదరంగుకు తిరిగేది. అందుకని మా అమ్మ చేతికి దొరికిందల్లా రుద్దేది. గిన్నెలు, గడప, నా చెవుల వెనక, దేన్నీ వదిలేది కాదు. ఆ రుద్దుడు రోగం నాకూ అంటుకుంది.

ఆ చలికాలం మా తాత, అంటే అమ్మవాళ్ల నాన్న, జూలూరుపాడు నుంచి వచ్చాడు. ఆయన బావులు తవ్వే మనిషి. పలుగురాళ్లలో కాకిబంగారంతో, అంటే అభ్రకంతో, కలిసి దొరికిందంటూ పంచె ముడి విప్పి ఒక రాయి నా చేతిలో పెట్టాడు. చిటికెనవేలంత పొడవు, ఎవరో చెక్కినట్టు ఆరు పలకలు. ఎవరూ చెక్కలేదు, భూమిలో అట్లాగే పుట్టిందని ఒట్టేసి మరీ చెప్పాడు. పల్చని కొసన వట్టి నీళ్లలా ఉండేది, మందంగా ఉన్నచోట నీలం చిక్కబడేది. చెంపకు ఆనిస్తే చాలాసేపు చల్లగానే ఉండేది. నాకు దాని మీద పిచ్చిప్రేమ పుట్టింది. మా సైన్సు పంతులుగారు చూసి, దీన్ని అక్వామెరైన్ అంటారని, ఉంగరాల్లో పొదిగే పచ్చకు ఇది తోబుట్టువని చెప్పారు. బడిలో జరగబోయే ఎగ్జిబిషన్‌కు దాన్ని తెమ్మన్నారు, అమ్మానాన్నలనూ రమ్మన్నారు.

మా నాన్న రానన్నాడు. డ్యూటీ ఉందన్నాడు గానీ ఆ రోజు సెలవని నాకు తెలుసు. అసలు సంగతి ఆయన మచ్చలు. గనిలో బొగ్గుపెళ్ల తగిలి తెగినచోట పొడి లోపలే ఉండిపోయి, గాయం మానాక నీలిమచ్చగా మిగులుతుంది. నాన్నకు నుదుటి మీద ఒకటి, ముంజేతుల నిండా ఎన్నో. పెళ్లిళ్లకు పోయినా పొడుగుచేతుల చొక్కా తొడుక్కుని, తలకు తువ్వాలు చుట్టుకుని ఒక మూల కూర్చునేవాడు. నలుగురిలోకి రావాలంటే ఆయనకు సిగ్గు. నాకేమో నాన్న చూడని ఎగ్జిబిషన్ ఎందుకనిపించింది.

కనీసం రాయినైనా మెరిపిద్దామని చింతపండు, బూడిద పట్టుకుని పెరట్లో కూర్చున్నాను. దాని లోపల వానజల్లు లాంటి సన్నగీతలు, ఒక నల్లచుక్క ఉన్నాయి. బొగ్గుపొడి అనుకున్నాను. మా క్వార్టర్లలో పెరిగిన పిల్ల ఎవరైనా అదే అనుకుంటుంది. వేళ్లు మండేదాకా రుద్దినా ఒక్క గీత పోలేదు. షిఫ్టు దిగి వచ్చిన నాన్న పక్కనే కాళ్లు కడుక్కుంటున్నాడు.

తాత చూసి నవ్వాడు. "ఏందే, దాని తోలు తీస్తవా? అది పైన అంటిన మురికి గాదు బిడ్డా. భూమిల పెరిగేటప్పుడు పక్కనున్నదాన్ని లోపల పెట్టుకున్నది. సీసపెంకులల్ల గిట్ల గీతలు ఉండవు. అసలు రాయి అని ఆ గీతలే చెప్తయి."

నేను ఊరుకున్నానా? రాయిని చూసి, నాన్న ముంజేతిని చూసి, "అయితే నాన్న మచ్చలు గూడ గంతేనా తాతా?" అని అడిగేశాను.

తాత అల్లుడి వంక చూడకుండా, నా తల నిమిరి, "అవ్ బిడ్డా" అన్నాడు. నాన్న చెంబు కిందపెట్టి లోపలికి వెళ్లిపోయాడు. ఆయన మనసు నొప్పించానేమోనని నాకు భయమేసింది.

ఎగ్జిబిషన్ రోజు నా బల్ల చుట్టూ జనం మూగారు. వాళ్ల వెనక నాన్న కనిపించాడు. తలకు తువ్వాలు లేదు. పొట్టిచేతుల చొక్కా. ముందుకొచ్చి, రాయిని అరచేతిలో పెట్టుకుని, కిటికీ వెలుగులోకి చెయ్యి చాచి అందరికీ గీతలు చూపించాడు. ఒక పిల్లవాడు ఆ చేతి మీద మచ్చను వేలితో తాకి, ఇదేందని అడిగాడు. "బొగ్గుది బిడ్డా, గనిల తగిలింది" అన్నాడు నాన్న. నాకు సంతోషంతో ఏడుపొచ్చింది.

ఇప్పుడు మా మనవరాలు ఫోన్‌లో నా ఫోటో తీసి, ముడతలన్నీ చెరిపేసి, ఎంత సాఫ్‌గా ఉన్నానో చూడమంటుంది. ఉన్నదున్నట్టు తియ్యమంటాను. నాకు ఏదీ దాచబుద్ధి కాదు. ఎగ్జిబిషన్‌లో ఆ పిల్లవాడు మచ్చను తాకినప్పుడు మా నాన్న చెయ్యి వెనక్కి తీసుకోలేదు.