డయాలసిస్ గది బయట నా ఉపవాసం

ఆ మంగళవారం పొద్దున ఇచ్చోడలో బస్సు మారుతుంటే నా చేతులు వణికాయి. ఫైలు జారి రిపోర్టులన్నీ నేలమీద పడ్డాయి. ఒళ్లంతా చెమట. కాగితాలు ఏరుతూ మా ఆయన ప్రభుదాస్ నా ముఖం చూశాడు.

"ఏమైంది ఎస్తేరూ? చేతులెందుకు గట్ల వణుకుతున్నయి?"

"ఏం గాలే. ఎండకు."

అబద్ధం చెప్పాను. భస్మ బుధవారం నుంచి నేను పగలు ఏమీ తినడం లేదు. సాయంత్రం ప్రార్థన అయ్యాకే అన్నం. ఈస్టరు ముందు వచ్చే శ్రమకాలం నలభై దినాలూ అలా ఉంటే ఆయన కిడ్నీలు మళ్లీ పనిచేయాలని దేవునికి మొక్కుకున్నాను. ఎవరికీ చెప్పలేదు. నాకు ఏడేళ్లుగా షుగర్ ఉంది. పొద్దుటి మాత్ర వేసుకునేదాన్ని, టిఫిన్ మానేసేదాన్ని.

ఆయన పన్నెండేళ్లు మస్కట్‌లో తాపీ పని చేసి, వాచిన కాళ్లతో తిరిగొచ్చాడు. రెండు కిడ్నీలూ ఫెయిలయ్యాయని, వారానికి మూడుసార్లు డయాలసిస్ తప్పదని డాక్టరు చెప్పారు. అప్పటి నుంచి బోథ్ దగ్గరి మా ఊరి నుంచి ఆదిలాబాద్ ఆసుపత్రికి తిరుగుతున్నాం.

ఉపవాసం మూడో వారానికి, పదకొండు గంటలయ్యేసరికి గుండె దడ, కళ్ల ముందు మసక. శరీరం లోబడుతోంది, ఆత్మ బలపడుతోంది అనుకున్నాను. కొంచెం గర్వం కూడా ఉండేది. చర్చిలో ఎవరైనా టీ తాగి వచ్చారని తెలిస్తే మనసులో తక్కువగా చూసేదాన్ని.

ఆ రోజు ఆయనను మిషన్ మీదికి ఎక్కించాక నేను బయట బల్లమీద కూర్చున్నాను. తలుపు అద్దంలోంచి ఒకరికొకరం కనబడతాం. ఆయన నన్నే చూస్తూ ఏదో అంటున్నాడు. నాకు వినబడలేదు. ఆ తర్వాత ఏమీ గుర్తు లేదు.

మిగతాది సిస్టర్ చెప్పింది. నేను పక్కకు ఒరిగి కింద పడ్డానట. ఆయన కేక వేసి మంచం దిగబోయాడట. చేతిలోని సూది ఊడి రక్తం చిమ్మింది. మిషన్ ఆపేయాల్సి వచ్చింది.

నాకు తెలివి వచ్చేసరికి క్యాజువాలిటీలో ఉన్నాను. "షుగర్ ముప్పై ఎనిమిది. హైపోగ్లైసీమియా, షుగర్ మరీ పడిపోయింది," అన్నారు డాక్టరు. "పొద్దున ఏం తిన్నరమ్మా?"

"ఉప్మా," అన్నాను.

మధ్యాహ్నం డెక్స్‌ట్రోస్ సెలైన్ ఎక్కుతుండగానే షుగర్ మళ్లీ పడిపోయింది. డాక్టరు స్టూలు లాక్కుని నా పక్కన కూర్చున్నారు. "మీరు నిజం చెప్తేనే నేను ఏమన్న చేయగల్గుతా."

చెప్పాను. డాక్టరు కోప్పడలేదు. బ్లడ్ రిపోర్టు నా ముందు పెట్టారు. "మీ క్రియాటినిన్ కూడ పెరిగింది, కిడ్నీలు సరిగ వడపోస్తలేవు. అందుకే ఆ మాత్ర ఒంట్లకెల్లి తొందరగ పోతలేదు. మీ కిడ్నీలను కూడ ఇప్పటి నుంచే కాపాడుకోవాలె."

ఆ 'కూడ' అనే మాట దగ్గర నేను రిపోర్టు చేతిలోకి తీసుకుని, దాని మీద పేరు నాదేనా అని చూశాను.

డయాలసిస్ సగంలో ఆగడంతో సాయంత్రానికి ఆయన ఊపిరితిత్తుల్లో నీరు చేరింది. ఆక్సిజన్ పెట్టి, మళ్లీ మిషన్ మీదికి తీసుకుపోయారు. ఆయన బతకాలని నేను మానేసిన తిండే ఆయనను అక్కడికి తెచ్చింది. ఆ రెండు గంటలు నేను ప్రార్థన చేయలేదు.

మర్నాడు ఆయన మాట్లాడగలిగాడు. "నా కోసం తిండి మానుమని నీకెవలు జెప్పిండ్రు?"

"దేవునికి మొక్కుకున్న."

"నువ్వు పడిపోతుంటే నేను సూసుకుంట పండుకున్న. లేవరాలే. నువ్వే లేకుంటే గీ మిషిన్ మీద నేనెందుకు పండాలె?"

అని గోడవైపు తిరిగాడు. రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

మా పాస్టరమ్మ చూడటానికి వచ్చింది. అంతా వింది. "దేవుడు ఇయ్యని మాటను ఆయన తరఫున నువ్వే ఇచ్చుకున్నవ్ బిడ్డా. నీకు భయమైతే భయమైతున్నదని చెప్పు. గది ప్రార్థన గాదా?"

ఆమె వెళ్లాక ఆయన మంచం పక్కనే కూర్చుని పైకి చెప్పాను. "ప్రభువా, ఈయన పోతడేమోనని నాకు భయమైతున్నది. నాకేం చేతనైతలేదు." ఇన్నేళ్లలో నేను చేసిన ప్రార్థనల్లో ఇంత చిన్నది లేదు.

గోడవైపు నుంచి ఆయన గొంతు వినిపించింది. "నాగ్గూడ భయమే ఎస్తేరూ."

ఇంటికి వచ్చిన మొదటి పొద్దున, ఎనిమిది గంటలకు రొట్టె ముక్క తుంచి మళ్లీ పళ్లెంలో పెట్టేశాను. ఓడిపోయినట్టు అనిపించింది. ఆయన ఎదురుగా కూర్చుని, నేను తినేదాకా లేవలేదు. శుభ శుక్రవారం, గుడ్ ఫ్రైడే నాడు మూడు గంటల ఆరాధన మధ్యలో, అందరూ ఉపవాసంతో ఉండగా, నేను రెండు బిస్కెట్లు తిన్నాను. వెనక ఎవరో గుసగుసలాడారు. అన్ని దినాలు కడుపు మాడ్చుకోవడం కన్నా ఆ రెండు బిస్కెట్లు తినడమే నాకు కష్టమైంది.

ఇది జరిగి రెండేళ్లయింది. ఆయన కిడ్నీలు బాగుపడలేదు. డయాలసిస్‌కు ఇప్పటికీ పోతున్నాం. డాక్టరు నా మాత్ర మార్చారు. మూడు నెలలకోసారి క్రియాటినిన్ చూపించుకుంటున్నాను, పెరగకుండా ఉంది. దేవుని మీద కోపం వచ్చే రోజులున్నాయి. ఆ కోపం కూడా ఇప్పుడు దేవునికే చెప్పుకుంటాను. పక్కవాళ్లు ఏం తిన్నారో చూడటం మానేశాను.

షుగర్ మాత్రలో, ఇన్సులినో వాడుతూ ఉపవాసం ఉండాలనుకునేవాళ్లకు ఒకటే చెబుతాను. మొదలుపెట్టే ముందు ఆ సంగతి మీ డాక్టరుకు చెప్పండి. ఆయన వద్దంటే, ఆ పూట అన్నం తినే ప్రార్థన చేసుకోండి.