మాబు సాహెబ్ మరిచిపోయిన పాస్‌వర్డ్

కంప్యూటర్లు మొరాయిస్తే తప్ప రూబెన్ మా ఆఫీసులో ఉన్నాడన్న సంగతే ఎవరికీ గుర్తుకు రాదు. ఆయన పని అలాంటిది. బాగా చేస్తే మనిషే కనపడడు. నంద్యాలలో ఈ విత్తనాల కంపెనీలో నేను బిల్లులు చూస్తాను. నా పేరు విజయమ్మ. ఆయన బల్ల నా పక్కనే. నాకు నోరెక్కువ, ఆయనకు అసలు లేదు. అందుకే ఇన్నేళ్లుగా సర్దుకుపోతున్నాం.

రూబెన్‌కు నలభై దాటినా పెళ్లి కాలేదు. సంబంధాలు వెతికే ఓపిక వాళ్లమ్మ జీవమ్మకే ఉండేది. ఆమె పోయాక తిన్నావా అని అడిగే దిక్కు లేకుండా పోయింది. అద్దె గది, టిఫిన్ క్యారియరు, ఆదివారం చర్చి. అప్పట్లో ఆయన ఫోను మోగడం నేను ఎప్పుడూ వినలేదు. అది చూస్తే నాకు జాలి కంటే కోపమే ఎక్కువ వచ్చేది.

ఆళ్లగడ్డ, గడివేముల, జూపాడు బంగ్లాలో మాకు దుకాణాలున్నాయి. బిల్లు కొట్టే ముందు అక్కడి కంప్యూటర్ మా సర్వర్‌ను సరుకు ఎంతుందో అడుగుతుంది, సర్వర్ చెబుతుంది. అడిగింది మనవాళ్లా బయటివాళ్లా అని చూసే పద్ధతి లేదు. బయటి వ్యాపారి ఒకడు అది కనిపెట్టి, మా దగ్గర ఏది నిండుకుంటే దాని ధర పెంచడం మొదలుపెట్టాడు. మా ఓనరు శేషయ్య అగ్గిమీద గుగ్గిలమయ్యాడు. అప్పుడు రూబెన్ ఆ ప్రోగ్రామ్‌కు యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ పెట్టాడు. పొద్దున దుకాణం తెరవగానే అవి రెండూ కొట్టాలి. లేకపోతే సర్వర్ పలకదు.

పాస్‌వర్డ్ ఆయనే పెట్టాడు. వాళ్ల చర్చిలో ఏడాది చివరి రాత్రి ప్రార్థన తర్వాత పళ్లెంలోంచి తలా ఒక వాగ్దానం కార్డు తీసుకుంటారు. ఎవరికి వచ్చిన బైబిల్ వచనం కొత్త ఏడాదంతా వాళ్లది. రూబెన్ వాళ్లమ్మ పేరు రాసి, దాని పక్కన తన వచనం అధ్యాయమూ నంబరూ చేర్చాడు.

మొదట్లో అన్ని దుకాణాల వాళ్లూ ఫోన్ చేసి అడిగారు. తర్వాత అలవాటు పడ్డారు. ఆళ్లగడ్డ మాబు సాహెబ్ మాత్రం రోజూ చేసేవాడు. ఆయనది పెద్ద వయసు. భార్య బీబీ పోయాక దుకాణమే ఇల్లు చేసుకున్నాడు. రూబెన్ టైపు చేస్తూ మాట్లాడటానికి స్పీకర్ పెట్టేవాడు కాబట్టి నాకూ అన్నీ వినపడేవి.

"రూబెనూ, మళ్లా మర్చిపోతి నాయనా. ఏందీ అది?"

"జీవమ్మ. దాని పక్కన నూట ఇరవై ఒకటి, ఎనిమిది, మాబన్నా."

"ఆఁ, కొడతాండా. తిన్నావా?"

"తిన్యా. నువ్వు?"

"ఈడ ఎండ మండిపోతాంది. ఏం తింటాం లే."

అంతే. ఫోను పెట్టేశాక కాసేపు రూబెన్ ముఖం చూడ ముచ్చటగా ఉండేది.

పాస్‌వర్డ్‌ను ప్రోగ్రామే గుర్తుపెట్టుకునేలా చేస్తే ఈ బాధ ఉండదని నాకూ తెలుసు. అదే అడిగాను.

"ఎంతసేపు పని అది?"

"ఎంతోసేపు పట్టదక్కా. చూస్తాలే."

చూడలేదు. ఎందుకు చూడలేదో నాకు అర్థమైంది. ఆ ఒక్క ఫోను కూడా పోతే ఆయనకు ఇంకేముంది? నేనూ ఊరుకున్నాను.

ఊరుకుంటే కుదరలేదు. ఆళ్లగడ్డలో రోజూ బిల్లులు ఆలస్యంగా మొదలవుతున్నాయని శేషయ్య పట్టుకున్నాడు. "ముసలాయనకు మతి పోయింది. ఆడ ఇంకొకర్ని పెడదాం" అని నాతోనే అన్నాడు. నేను నేరుగా రూబెన్ దగ్గరికి వెళ్లాను.

"నీ ముచ్చటకు ఆయన పని పోతాంది. తెలుస్తాందా నీకు?"

సాయంత్రానికి రూబెన్ ప్రోగ్రామ్ మార్చాడు. మరునాడు మిగతా దుకాణాలకు దాన్ని ఇక్కడి నుంచే పంపి, ఆళ్లగడ్డకు మాత్రం బస్సెక్కి తానే వెళ్లాడు. తిరిగొచ్చాక ఏమైందని అడిగాను.

"ఇంక ఫోన్ చేసే పని లేదా అన్యాడు. లేదన్యా. టీ తెప్పించినాడు."

"అంతేనా?"

"అంతే అక్కా."

మాబు సాహెబ్ పని నిలబడింది. బిల్లులు వేళకు వచ్చాయి. రూబెన్ ఫోను మళ్లీ మూగబోయింది. పొద్దున్నే దాన్ని బల్ల మీద తిరగేసి పెట్టేవాడు, కాసేపయ్యాక తీసి జేబులో వేసుకునేవాడు. ఆ నెలలన్నీ నాకు ఆయన పక్కన కూర్చోవడమే కష్టమైంది.

కొత్త సంవత్సరం రోజు నిద్రలేని కళ్లతో వచ్చాడు. రాత్రి కొత్త వాగ్దానం వచ్చింది కదా, అదే ధ్యాసలో సర్వర్‌లో పాస్‌వర్డ్ నంబరు మార్చేశాడు. దుకాణాల కంప్యూటర్లన్నీ పాతదే గుర్తుపెట్టుకుని ఉన్నాయన్న ఆలోచనే లేదు. తెలివైనవాళ్లే చేసే తప్పులు కొన్ని ఉంటాయి, ఇది అలాంటిది. గడివేముల వాళ్లు, జూపాడు బంగ్లా వాళ్లు ఆఫీసు ఫోనులో నా మీద పడ్డారు. అప్పుడు రూబెన్ జేబులో ఫోను మోగింది. ఎప్పటిలాగే స్పీకర్ పెట్టాడు.

"రూబెనూ, పెట్టె మళ్లా పాస్‌వర్డ్ అడుగుతాంది నాయనా. జీవమ్మ, నూట ఇరవై ఒకటి, ఎనిమిది కొట్టినా. పోలా. మళ్లీ కొట్టినా. పోలా."

రూబెన్ కీబోర్డు పక్కకు నెట్టి ఫోను దగ్గరికి లాక్కున్నాడు.

"నీకు అది గుర్తుందా మాబన్నా?"

"మొదటి వారంలోనే నోటికొచ్చింది. మీ అమ్మ పేరు యాడ మర్చిపోతా?"

"మరి దినామూ ఎందుకు అడుగుతాంటివి?"

అవతల ఎవరో రైతు బిల్లు కోసం తొందర పెడుతున్నాడు. మాబు సాహెబ్ అతన్ని ఉండమని, గొంతు తగ్గించాడు.

"నువ్వు ఎత్తుతాంటివి గదా నాయనా. మాట్లాడతాంటివి."

నేను బిల్లుల మీదికి వంగాను. కళ్లు మసకబారి ఒక్క అంకె కనపడలేదు. రూబెన్ కొత్త నంబరు చెప్పాడు, నిదానంగా, రెండుసార్లు.

"రేపు మళ్లా అడగదు గదా ఇది?" అన్నాడు మాబు సాహెబ్.

"అడగదు. పొద్దున్నే నేనే చేస్తాలే మాబన్నా."